మక్కికి మక్కి: లాప్‌టాప్ డిస్కునకు ఇమేజి

లాప్‌టాప్ చెడిపోయినదని ఎవరైన వచ్చి చెప్పినప్పుడు వినువారు మొదట అడుగు ప్రశ్న "ఫైళ్లు దాచుకొన్నారా?" అన్నదే. దాచుకొన్నామని సమాధానము వచ్చినచో అందరును ఊపిరి పీల్చుకొందురు. అది కొంచెము తొందరపాటని మా అభిప్రాయము. ఫైళ్లు దక్కుట వేరు, పని దక్కుట వేరు. ఈ రెంటికిని నడుమనున్న దూరమెంతటిదో తెలుగునాట అచ్చుకూర్పు పనివారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు.

విజయవాడలోగాని, హైదరాబాదులోగాని, మరి యే చిన్న పట్టణములోగాని ఒక డి.టి.పి. కేంద్రమునకు పోయి చూడుడు. పెండ్లి శుభలేఖలు, కరపత్రములు, కవితా సంపుటములు, శతకములకు వ్యాఖ్యానములు ఎన్నియో అక్కడ పేజ్‌మేకర్ అను పాత ప్రోగ్రాములో, అను, శ్రీలిపి మొదలగు పాత తరము అక్షరములతో కూర్పబడినవి కానవచ్చును. పేజ్‌మేకర్ 7వ వెర్షను 2001లో వెలువడినది. తరువాత దానికి కొత్త తరము రాలేదు. ఆ పాత అక్షరములు యూనికోడు పద్ధతివి కావు. రోమను లిపికి ఏర్పడిన స్థానములలోనే మన గుణింతములను, ఒత్తులను ఇమిడ్చి చేసినవి. ఆ ఫాంటు యంత్రములో ఉన్నంతవరకు తెర మీద తెలుగు కనిపించును. ఫాంటు లేనిచో అదే ఫైలు రోమను అక్షరముల, చుక్కల, గీతల కలగూరగంప. మూడువందల పుటల గ్రంథము ముందున్నను ఒక్క పంక్తి చదువుటకు వీలుండదు.

అట్టి లాప్‌టాప్‌లో డిస్కు ఒకనాడు పోయినదనుకొందము. కొత్త డిస్కు వేయించి, విండోస్ ఎక్కించి, పెన్ డ్రైవులో దాచిన ఫైళ్లను దింపినంతమాత్రమున ఆ కేంద్రము మరునాడు పని మొదలుపెట్టలేదు. పేజ్‌మేకర్ సి.డి. ఎక్కడనో పోయినది, ఉన్నను కొత్త లాప్‌టాప్‌లలో సి.డి. పెట్టు చోటే సాధారణముగా ఉండదు. అక్షరముల కీబోర్డు ప్రోగ్రామునకు అనుమతి సంఖ్య కావలెను, అది ఎప్పటిదో బిల్లు మీద వ్రాసియున్నది, బిల్లు లేదు. పాత ప్రింటరునకు సరిపడు డ్రైవరు దొరకదు. పదేండ్లుగా ఒక్కొక్కటియే సవరించుకొన్న మీటల అమరిక, పుటల నమూనాలు ఎవరికిని జ్ఞాపకము లేవు. ఫైళ్లన్నియు ఉన్నవి, ఒక్కటియు తెరచుకొనదు. ప్రచురణకర్త వచ్చి గుమ్మములో నిలుచున్నాడు.

ఈ చిక్కునకు విరుగుడుగా ఏర్పడినదే డిస్కు ఇమేజి. అనగా డిస్కులోని ఫైళ్లను ఏరి తీయుటకు మారుగా, డిస్కునంతటిని ఉన్నదున్నట్లు ప్రతి తీసి ఒక పెద్ద ఫైలుగనో, కొన్ని ఫైళ్ల సంపుటిగనో వేరొక డిస్కులో భద్రపరచుట.

ఇది తెలియుటకు డిస్కు లోపల ఏమి ఉండునో కొంత చెప్పవలసియున్నది. 1956లో ఐ.బి.ఎం. వారు వెలువరించిన తొలి డిస్కు యంత్రములో 24 అంగుళముల పళ్లెములు 50 ఉండెను. అన్నిటిలోను కలిపి పట్టినది 50 లక్షల అక్షరములు. నేటి లాప్‌టాప్‌లోని 512 గిగాబైట్ల డిస్కు అరచేతిలో ఇమిడి, దానికి ఇంచుమించు లక్ష రెట్లు పట్టుచున్నది. ఎస్.ఎస్.డి. అనబడు కొత్త డిస్కులలో తిరుగు పళ్లెములే లేవు. ఐనను లెక్క పద్ధతి మారలేదు. డిస్కును సెక్టార్లను చిన్న చిన్న గదులుగా భావింతురు. గదికి 512 బైట్ల చొప్పున లెక్కించినచో అట్టి డిస్కులో 100 కోట్ల గదులు తేలును. ఈ గదుల వరుసలో మొట్టమొదట డిస్కు ఎన్ని భాగములుగా విభజింపబడినదో తెలుపు పట్టిక యొకటి. ఆ పిమ్మట యంత్రము మేల్కొనగానే చదువుకొను చిన్న భాగమొకటి. తరువాత విండోస్, ప్రోగ్రాములు, మన ఫైళ్లు ఉండు పెద్ద భాగము. మరమ్మతుల కొరకు దాచిన భాగము వేరొకటి. ఫోల్డరులను పట్టి ఈడ్చి పెన్ డ్రైవులో వేయునప్పుడు ఈ పట్టికయు రాదు, ఆ మేల్కొలుపు భాగమును రాదు, విండోస్ తన లోపల వ్రాసికొన్న నమోదులును సరిగా రావు. వచ్చునవి మన ఫైళ్లు మాత్రమే.

మన భాషలో మక్కికి మక్కి అను మాట యొకటి కలదు. మూల ప్రతిలో ఒక ఈగ అంటుకొని చచ్చియుండగా, ప్రతి వ్రాయు లేఖకుడు దానిని కూడ వదలక తన ప్రతిలో సరిగా అదే చోట ఒక ఈగను అతికించినాడని కథ. లేఖకుని విషయములో అది ఎగతాళియే గాని, డిస్కు ఇమేజికి అది లక్షణము. ఏ గదిలో ఏది ఉన్నదో అది ఆ గది సంఖ్యతోనే ప్రతిలోనికి ఎక్కవలెను. అందుచేతనే తిరిగి దింపినప్పుడు యంత్రము తేడా కనిపెట్టక, నిన్న ఆపినచోటి నుండి లేచినట్లు లేచును. ఫాంటులు, మీటల అమరిక, ప్రింటరు, పుటల నమూనాలు అన్నియు ఎక్కడివక్కడ ఉండును. ఈగయు ఉండునన్న సంగతి మాత్రము మరువరాదు. ఇమేజి తీయునాటికి యంత్రములో వైరసు దాగియున్నచో ప్రతిలోనికి వైరసును వచ్చును. కనుక యంత్రము కుంటుచున్నప్పుడు కాక, చక్కగా నడచుచున్నప్పుడే ఇమేజి తీయవలెను.

నూరు కోట్ల గదులను ఒక్కటి విడువక ప్రతి తీయు పద్ధతి యొకటి ఉన్నది. యూనిక్స్ యంత్రములలో డిడి అను ప్రాచీన ఆజ్ఞ చేయునది ఇదియే. 512 గిగాబైట్ల డిస్కులో నూరు గిగాబైట్లే నిండియున్నను అది ఖాళీ గదులను కూడ ఎత్తి వ్రాయును. తరువాత వచ్చిన ప్రోగ్రాములు తెలివి నేర్చినవి. ఏ గది వాడుకలో ఉన్నదో ఏది ఖాళీయో తెలుపు పటము ఫైళ్ల వ్యవస్థలోనే ఉండును. దానిని చదివి, నిండిన గదులను మాత్రము తీసి, ఒత్తి చిన్నవిగా చేసి దాచును. 1990వ దశకములో న్యూజిలాండులో పుట్టిన ఘోస్ట్ అను ప్రోగ్రాము ఈ విద్యను కార్యాలయములలో వ్యాపింపజేసినది. 1998లో సిమాంటెక్ సంస్థ దానిని కొన్నది. ఇప్పుడు వెల లేక దొరకువానిలో తైవాను జాతీయ కంప్యూటింగు కేంద్రమువారు రూపొందించిన క్లోన్‌జిల్లా ప్రసిద్ధము. దాని తెర చూచుటకు మోటు. నీలి వన్నెపై బూడిద రంగు పెట్టెలు, అన్నియు ఆంగ్లములో ప్రశ్నలు. ఐనను పని విషయములో దానిని నమ్మవచ్చును. ఇక్కడ దానినే ఉదాహరణముగా గ్రహించుచున్నాము.

క్లోన్‌జిల్లాను ఒక పెన్ డ్రైవులో ఎక్కించి, లాప్‌టాప్‌ను ఆ పెన్ డ్రైవు నుండి లేపవలెను. ఇందులో ఒక సుళువు కలదు. నడచుచున్న విండోస్ క్షణక్షణమును డిస్కు మీద ఏదో వ్రాయుచునే యుండును. కదలుచున్న మనిషికి ఫోటో తీసినట్లగును. విండోస్ నిద్రలో ఉండగా ప్రతి తీసినచో ఆ బాధ లేదు. విండోస్ నడచుచుండగనే ప్రతి తీయు ప్రోగ్రాములు లేకపోలేదు. అవి ఒక క్షణపు స్థితిని నిలిపి ఉంచు సౌకర్యమును విండోస్ నుండియే పొంది పని చేయును. అదియు మంచి పద్ధతియే. ఐతే నిద్ర అనుటలో ఒక మోసము ఉన్నది. నేటి విండోస్‌ను షట్‌డౌన్ చేసినను, త్వరగా లేచుటకై తన స్థితిని కొంత డిస్కు మీద వ్రాసి సగము నిద్రలోనే ఉండును. అట్టి డిస్కును చూచి క్లోన్‌జిల్లా పేచీ పెట్టును. షిఫ్ట్ మీటను నొక్కి పట్టి షట్‌డౌన్ చేసినచో పూర్తిగా ఆగును.

ప్రతిని దాచుటకు వెలుపలి డిస్కు కావలెను. లాప్‌టాప్ డిస్కు ఎంతయో అంత పరిమాణము గలది కొనినచో చింత లేదు. అది ఫాట్32 పద్ధతిలో ఉన్నచో ఒక్కొక్క ఫైలు 4 గిగాబైట్లకు మించరాదు. క్లోన్‌జిల్లా ఇమేజిని తానే ముక్కలు చేసికొనును గాని, అన్ని ప్రోగ్రాములు అట్లు చేయవు, ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో సిద్ధపరచుకొనుట మేలు. కాలమెంత పట్టునన్నది లెక్క కట్టుకొనవచ్చును. యు.ఎస్.బి. 3 ద్వారా తగిలించిన తిరుగుడు డిస్కు సెకనుకు సుమారు 100 మెగాబైట్లు వ్రాయును. 200 గిగాబైట్లకు 2000 సెకనులు, అనగా అరగంట దాటి కొంత. అదే పాత యు.ఎస్.బి. 2 రంధ్రమున గ్రుచ్చినచో దానికి మూడు రెట్లు. రంధ్రములు చూచుటకు ఒక్కటిగనే ఉండును. లోపల నీలి రంగు గలది సాధారణముగా వేగము గలది.

ప్రశ్నలలో ప్రాణము మీదికి తెచ్చునది ఒక్కటే: ఏ డిస్కు నుండి, ఏ డిస్కునకు? ఇమేజి తీయునప్పుడు తారుమారైనను అంతగా ముప్పు లేదు. తిరిగి దింపునప్పుడు తారుమారైనచో, గమ్యమని చూపిన డిస్కులోని సర్వమును తుడిచిపెట్టుకొనిపోవును. క్లోన్‌జిల్లా రెండు మారులు అడుగును. రెండు మారులును ఎస్ అని నొక్కుట చేతికి అలవాటైన పని. అందుచేత డిస్కుల పరిమాణమును, తయారీ పేరును ముందుగనే కాగితము మీద వ్రాసికొని, తెర మీది పేరుతో సరిచూచుకొనవలెను. పని కవసరము లేని డిస్కులను ముందే ఊడదీయుట ఇంకను మంచిది.

తాళము సంగతి వేరుగ చెప్పవలెను. చాల లాప్‌టాప్‌లలో విండోస్ డిస్కును బిట్‌లాకర్ పద్ధతిలో తాళము వేసియుంచును. 2024లో వచ్చిన విండోస్ 11 కూర్పు నుండి, కొత్తగా ఎక్కించిన యంత్రములలో ఈ తాళము యజమాని అడుగకుండనే పడుట మరింత సామాన్యమైనది. తాళము పడిన భాగములో ఏ గది ఖాళీయో వెలుపలివారికి తెలియదు. కనుక క్లోన్‌జిల్లా పాత పద్ధతికి దిగి అన్ని గదులను ఎత్తి వ్రాయును; ఇమేజి డిస్కంత పెద్దదగును, సమయమును అంతే పట్టును. అంతకంటె ముఖ్యము, ఆ ప్రతిని దింపిన తరువాత యంత్రము 48 అంకెల సంఖ్య నడుగవచ్చును. ఆ సంఖ్య లేనిచో ప్రతి ఉన్నను లేనట్లే. మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది ఉన్నదో లేదో నేడే చూచి కాగితము మీద వ్రాసికొనుట మంచిది.

తిరిగి దింపుట ప్రతి తీయుటకు సరిగా తలక్రిందుల పని. గమ్యమైన డిస్కు మూల డిస్కంతయో, అంతకు పెద్దదో కావలెను. మూలములో నిండినది తక్కువయే గదా, చిన్న డిస్కు చాలునని తలచి కొన్నవారు ఇక్కడ చిక్కుపడుదురు. పట్టికలో వ్రాసిన కొలతలు పాత డిస్కువి. పెద్ద డిస్కులో దింపినచో మిగిలిన చోటు చివర వృథాగా పడియుండును. దానిని విండోస్ భాగమునకు కలుపుదమన్నచో నడుమ మరమ్మతుల భాగము అడ్డుగా కూర్చుండును. దానిని జరుపు ప్రోగ్రాము వేరుగా తెచ్చుకొనవలెను.

ఒక లాప్‌టాప్ ఇమేజిని వేరొక లాప్‌టాప్‌లో దింపవచ్చునా అని పలువురు అడుగుదురు. దింపవచ్చును, లేచునని హామీ లేదు. డిస్కును నడపు డ్రైవరు వేరైనచో నీలి తెర పడవచ్చును. విండోస్ అనుమతి క్రొత్త యంత్రమునకు వర్తింపకపోవచ్చును. అక్షరముల ప్రోగ్రాములలో కొన్ని యంత్రము గుర్తులను చూచి తాళము వేసికొనునవి. అందు డిస్కు క్రమసంఖ్యను చూచునవియు ఉండవచ్చును, వానికి మరల అనుమతి తెచ్చుకొనక తప్పదు. అదే లాప్‌టాప్‌లో కొత్త డిస్కు వేసినప్పుడు ఇమేజి తన పూర్తి ఫలమునిచ్చును.

డిస్కు చెడుట మొదలైన తరువాత ఇమేజికి పరుగెత్తువారును కలరు. తిరుగుడు డిస్కు టకటకమను శబ్దము చేయుచున్నచో దాని మీద ఏ పనియు పెట్టక, విద్యుత్తు ఆపి నిపుణులకు అప్పగించుటయే మేలు. శబ్దము లేక కొన్ని గదులు మాత్రము చదువబడకున్నచో, డిడిరెస్క్యూ అను ప్రోగ్రాము ముందు చదువుటకు వీలైన గదులనెల్ల తీసికొని, మొరాయించినవానిని చివరకు విడిచి మెల్లగా ప్రయత్నించును. మామూలు ఇమేజి ప్రోగ్రాము మొదటి మొరాయింపు కడనే ఆగిపోవచ్చును.

ఇక మేము అన్నిటికంటె గట్టిగా చెప్పదలచినది, దింపి చూడని ఇమేజిని నమ్మరాదన్నది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో జరిగినది దీనికి నిదర్శనము. ఆ సంస్థవారే దానిని దాపరికము లేకుండ లోకమునకు వెల్లడించినారు. అలసిన ఉద్యోగి యొకడు ఒక యంత్రము అనుకొని వేరొక యంత్రములో తుడిచివేయు ఆజ్ఞ నిచ్చినాడు. పొరపాటు గ్రహించి ఆపునప్పటికి సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రము మిగిలినది. పోనిమ్ము, ప్రతులున్నవి గదా యని వెదకినారు. వారికి అయిదు విధముల రక్షణ ఏర్పాట్లుండెను. ఒక్కటియు నమ్మదగినట్లు పని చేయుటలేదని ఆనాడే తెలిసినది. రోజువారి ప్రతి తీయు ప్రోగ్రాము వెర్షను సరిపడక ఎప్పటినుండియో విఫలమగుచున్నది. విఫలమైనదని తెలుపు ఉత్తరములు వారికి చేరుటలేదు. తుదకు, ఆ సంఘటనకు ఆరు గంటల ముందు ఒక ఉద్యోగి వేరొక పని మీద చేత తీసిన ప్రతి వారిని ఆదుకొన్నది. ఆ ఆరు గంటల పని మాత్రము పోయినది. అంతటి నిపుణులే ప్రతులను తెరచి చూడకుండిరి.

సరిచూచుటలో రెండు మెట్లున్నవి. ఇమేజి తీసిన వెంటనే క్లోన్‌జిల్లా దానిని పరీక్షింపుమందురా యని అడుగును; అవుననవలెను. దానివలన ఫైలు చెక్కుచెదరలేదని తెలియును. యంత్రము లేచునా లేదా యన్నది దానివలన తెలియదు. అందుకు ఒక అదనపు డిస్కు కొని, ఇమేజిని దానిలో దింపి, లాప్‌టాప్‌లో అమర్చి లేపి చూడవలెను. దుకాణములో మరమ్మతు చేయువాని చేత పది నిమిషములలో మార్పించుకొనవచ్చును. లేచిన తరువాత ఒక పాత పుస్తకపు ఫైలు తెరచి, తెలుగు తెలుగుగా కనిపించుచున్నదో లేదో చూచి, ఒక పుట ప్రింటు తీయవలెను. ఆ డిస్కు తరువాత వృథాగా పోదు. అదియే రెండవ ప్రతి. రెంటిని మాత్రము ఒక్కసారి ఒకే యంత్రమునకు తగిలించి లేపరాదు. గుర్తు సంఖ్యలు ఒక్కటే కావున యంత్రము తికమకపడును.

ప్రతిని ఎక్కడ ఉంచవలెను? తగిలించి మాత్రము ఉంచరాదు. 2017 మే 12న వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము నూటయేబదికి పైగా దేశములలో కంప్యూటర్లను పట్టి, ఫైళ్లకు తాళము వేసి, విడుదలకు ధనమడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్నియు దాని వాత పడినవి. ఇట్టి ప్రోగ్రాములు యంత్రమునకు తగిలించియున్న వెలుపలి డిస్కును కూడ విడువవు. ఇమేజి తీయుట ముగియగానే డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టవలెను. రెండవ ప్రతి వేరొక ఇంటిలో, బంధువుల కడనో స్నేహితుల కడనో, ఉన్నచో అగ్నికిని దొంగకును కూడ దూరమగును.

ప్రతిదినమును ఇమేజి తీయనక్కరలేదు. ప్రోగ్రాములు, ఫాంటులు, అమరికలు మారినప్పుడు ఒకటి, లేనిచో మూడు నెలలకొకటి చాలునని మా లెక్క. దినదినము మారునవి ఫైళ్లు; వానిని సాయంకాలము పని ముగించునప్పుడు విడిగా పెన్ డ్రైవులోనికి తీసికొనవలెను. యంత్రము పోయిననాడు ముందు ఇమేజిని దింపి, దాని మీద నిన్నటి ఫైళ్లను పరచినచో పని తెగినచోటనే అతుకును. పాత ఇమేజి నొక దానిని మాత్రము కొత్తది పరీక్షకు నిలుచువరకు చెరుపరాదు.

డిస్కు పైని ఒక చీటి అంటించి, ఇమేజి తీసిన తేది, లాప్‌టాప్ పేరు, డిస్కు పరిమాణము వ్రాయవలెను. క్లోన్‌జిల్లా పెన్ డ్రైవును దానితోనే కట్టి ఉంచవలెను. ఆపద నాడు దానికొరకు వేరొక కంప్యూటరును వెదకుకొనవలసిన అవస్థ తప్పును. 48 అంకెల సంఖ్య వ్రాసిన కాగితమును కూడ వీనికి దగ్గరనే ఉంచవచ్చును గాని, లాప్‌టాప్ సంచిలో మాత్రము పెట్టరాదు.